ఖాళీగా ఐదు నిమిషాలు

పూజగదిలో కర్పూరం డబ్బా ఖాళీగా కనిపించడంతో ఆ శుక్రవారం ఉదయం ఇంట్లో గొడవ మొదలైంది. త్రినాథరావు ఆ డబ్బా పట్టుకుని వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. పట్టుపంచె కట్టుకున్నాడు గాని నుదుటిమీది కుంకం ఇంకా తడిగానే ఉంది. మొన్న తెచ్చిన పొట్లం ఏమైందని అడిగాడు. చీరలకు పురుగు పడుతోందని పెట్టెలో వేశానంది రాజ్యలక్ష్మి. దేవుడి కర్పూరం చీరలకు వేసే మనుషుల్ని ఈ ఇంట్లోనే చూస్తున్నానని అత్తగారు జగదాంబ వరండాలోంచి అంది. అది పూజకని పొట్లం మీద రాసి లేదు గదా అంది రాజ్యలక్ష్మి. ఆ మాట అనకుండా ఉంటే అక్కడితో పోయేది.

"రాసి ఉంటేగాని తెలియదేం? బి.ఎస్సీ. ప్యాసయ్యావుగా" అన్నాడు త్రినాథరావు.

ఆమె స్టవ్వు కట్టేసి వెళ్ళి, పెట్టె తెరిచి, చీర మడతలు ఒక్కొక్కటే విప్పి బిళ్ళలు ఏరింది. పదకొండు దొరికాయి. ఆయన వాటిని వాసన చూసి, మొహం చిట్లించి, రుమాల్లో కట్టుకున్నాడు. ఉప్మా తినకుండానే అందరూ బయల్దేరారు.

కొత్త సినిమా ముహూర్తం ఏడూ పన్నెండుకి. జూబిలీహిల్స్‌లో షూటింగులకు అద్దెకిచ్చే బంగళాలో. త్రినాథరావుది లైట్లూ జనరేటర్లూ అద్దెకిచ్చే ఔట్‌డోర్ యూనిట్. రెండు జనరేటర్ వ్యాన్లున్నాయి. పెద్దది రాజ్యలక్ష్మి పేరున రిజిస్టరయింది కాబట్టి కొత్త సినిమా మొదలైనప్పుడల్లా దానికి హారతి ఆమె చేతే ఇప్పిస్తారు. జగదాంబ పంచాంగం చూసి వర్జ్యాలు లెక్కగట్టి చెబుతుంది. ఆ లెక్క ప్రకారమే వ్యాను తాళం తిరుగుతుంది.

వాళ్ళు వెళ్ళేసరికి వ్యాను బంగళా వెనక గోడవారగా నిలబెట్టి ఉంది. ఆపరేటరు ఆదాము పక్క తలుపులు రెండూ బార్లా తెరిచి, లోపలికి వంగి ఏదో చూస్తున్నాడు. ఆ యూనిట్‌లో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నవాడు. నూనె కొలిచే పుల్ల పైకి లాగి, భుజం మీది గుడ్డతో శుభ్రంగా తుడిచి, మళ్ళీ లోపలికంటా దించి, మళ్ళీ లాగి వెలుతురుకు పెట్టి చూశాడు. నూనె గీత దాకా ఉంది. హారతి పళ్ళెంతో పక్కనే నిలబడ్డ రాజ్యలక్ష్మికి కూడా కనిపించింది.

ఆదాము పుల్ల లోపల పెట్టి త్రినాథరావు దగ్గరికి వచ్చాడు. జనరేటరు ఇంజను వేసి వారమైందని, చల్లగా ఉందని, పది నిమిషాల ముందు వేసి లైట్లేవీ ఇవ్వకుండా ఖాళీగా తిప్పుతానని అన్నాడు. ఏడూ పది దాకా వర్జ్యమని, అంతవరకు తాళం ముట్టుకోవద్దని త్రినాథరావు చెప్పాడు.

"ఇంటి దగ్గరా వెయ్యనివ్వరు, ఇక్కడా వెయ్యనివ్వకపోతే టర్బో ఏమైపోవాలి సార్?"

"టర్బో నీదా, నాదా?"

లైట్‌మెన్‌లో ఒకరిద్దరు నవ్వారు. ఆదాము నవ్వలేదు. వెళ్ళి మీటర్ల పలక ముందు నిలబడ్డాడు.

ఏడూ పదకొండుకి రాజ్యలక్ష్మి కర్పూరం వెలిగించింది. చక్రం కింద నిమ్మకాయ పెట్టారు. లోపల హాల్లోంచి ఎవరో చెయ్యి ఊపగానే ఆదాము తాళం తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. అతను ఎడమచెయ్యి పైకెత్తి ఆగమన్నట్టు అరచెయ్యి చూపించాడు. త్రినాథరావు ఆ చేతికేసి చూడను కూడా లేదు. "వెయ్యి" అన్నాడు. ఆదాము చెయ్యి దించి మెయిన్ స్విచ్ వేశాడు. హాల్లో లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. వ్యాను కిందికి కుంగినట్టయి, నల్లటి పొగ ఒక్క ఊపున లేచి గోడమీది బోగన్‌విలియా తీగను కప్పేసింది.

హీరోయిను చెప్పాల్సింది ఒక్క డైలాగు. అది సగంలో ఉండగా వ్యాన్లోంచి సన్నని ఈల మొదలైంది. ఖాళీ మిక్సీ తిరిగినట్టు అంతకంతకూ పైకి పోయి, చెవులు మూసుకోవాల్సినంతై, టప్పున ఆగింది. వెనకాలే తెల్లటి పొగ. ఆ పొగతోపాటు నూనె తుంపరలు గోడమీద పడ్డాయి. హాల్లో లైట్లు ఎర్రబడి ఆరిపోయాయి. ఆదాము అప్పటికే ఇంజను ఆపేశాడు.

నిర్మాత అచ్యుతరామయ్యగారు, డెబ్బై ఏళ్ళ మనిషి, చేతిలో ఉన్న కొబ్బరిచిప్ప పిట్టగోడ మీద పెట్టి, కండువాతో చేతులు తుడుచుకుని, వెళ్ళి కార్లో కూర్చున్నారు.

త్రినాథరావు వ్యాను దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. ఆదాము తాళం ఆ చేతిలో పెట్టాడు.

"నూనె పోశావా?"

"పోశాను సార్. పుల్ల చూడండి."

చూడలేదు. యాభైమంది చుట్టూ చేరి ఉన్నారు. రేపట్నుంచి తన యూనిట్ గుమ్మంలో కనిపించవద్దని త్రినాథరావు అందరికీ వినిపించేటట్టు చెప్పాడు. ఆదాము తల ఊపి వెళ్ళబోతుంటే మళ్ళీ పిలిచాడు.

"ఆ భుజం మీది గుడ్డ కూడా యూనిట్‌దే. ఇచ్చి వెళ్ళు."

ఆదాము గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, వ్యాను మడ్‌గార్డు మీద ఉంచి వెళ్ళిపోయాడు.

దారి పొడుగునా కార్లో జగదాంబ ఒకటే మాట అంది. కొబ్బరికాయ కొట్టని చేతికి తాళాలిస్తే ఇలాగే ఉంటుందని, ఆదివారం చర్చికి పోయేవాడు అమ్మవారి ముందు తాళం తిప్పితే ఊరుకుంటుందా అని. హారతి ఇచ్చింది తనే గదా అని రాజ్యలక్ష్మి అందామనుకుంది. ముందు సీట్లో భర్త మెడ వెనక నరం కొట్టుకుంటూ కనిపించింది. అనలేదు.

శనివారం పొద్దున యూసఫ్‌గూడ నుంచి మెకానిక్ లక్ష్మయ్య వచ్చాడు. వ్యాన్ని ఫిల్మ్‌నగర్‌లో వాళ్ళ ఇంటి వెనక్కి లాక్కొచ్చి పెట్టారు. అతను ఇంజను పక్కన బిగించి ఉన్న నత్తగుల్ల ఆకారపు ఇనప డొప్ప విప్పి, దాని లోపలి ముక్కలు వంటింటి మెట్ల మీద పాత పేపరు పరిచి వరసగా పెట్టాడు. పొద్దుటి ఎండలో నూనె వాసన వేస్తున్నాయవి. రాజ్యలక్ష్మి టీ గ్లాసు ఇచ్చి అక్కడే నిలబడింది. వెళ్ళిపోతుందేమోనని లక్ష్మయ్య కాసేపు చూశాడు. వెళ్ళలేదు. నూనె లేక పోయిందా అని అడిగింది.

"లేక గాదమ్మా, అందక పోయింది. పుల్ల నేను జూసిన. నూనె గీత దాక ఉన్నది, మంచిగున్నది."

అతను వేలెడంత కడ్డీ తీసి ఆమె ముందు పెట్టాడు. రెండు చివరలా రెండు చిన్న చక్రాలు. ఒక చక్రం రెక్కలు కొరికేసినట్టున్నాయి. కడ్డీ మధ్యలో నీలంగా కమిలి, గోళ్ళతో గీరినట్టు చారలు పడి ఉంది. ఇంజన్లోంచి పోయే పొగ బలంతో ఒక చక్రం తిరుగుతుందని, అది తిరిగితే రెండోది ఇంజన్లోకి గాలి కూరుతుందని, అదే టర్బో అని అతను చెప్పాడు.

"గీ కడ్డీ నిమిషానికి లచ్చ సుట్లు తిరుగుతది. ఇనుముకు ఇనుము తాకది. నడుమ నూనె పొర ఉంటది, దాని మీద తేలుతది. ఇంజన్ చాలు జేసిన ఎంబడే నూనె గాడికి రాదు, జర టైం వడ్తది. గా టైంల లోడ్ ఏసిన్రనుకో, ఎండు కడ్డీ తిరిగినట్టే."

"నిన్న ఒక్కసారికే పోయిందా?"

"ఒక్కసారికి పోదు. గిది జూడండ్రి." లక్ష్మయ్య స్క్రూడ్రైవరు మొనతో డొప్ప లోపల గీకాడు. పాలగిన్నె అడుగంటినట్టున్న నల్లటి పెచ్చు ఊడి పేపరు మీద పడింది. "ఆపేటప్పుడు గూడ గట్లనే. ఇంజన్ ఆగుతది, చక్రం ఆగది. నూనె బందైతది. ఉన్న నూనె ఆ ఉడుకుకు మాడి గిట్ల బొగ్గైతది. ఆపే ముంగట ఐదు నిమిషాలు ఖాళీగ తిప్పాలె. ఏసేటప్పుడు గంతే. ఫిల్టర్ సాఫ్‌గున్నది, నూనె టైముకు మార్చిండు. ఆపరేటర్ పనిమంతుడే. ఆపుమన్నోళ్ళను అడగాలె."

ప్యాకప్ అనగానే ప్రొడక్షన్ మేనేజరు డీజిలు దండగని అరవడం, తన భర్త తల ఊపడం, ఆదాము స్విచ్ దగ్గర ఒక్క క్షణం ఆగడం రాజ్యలక్ష్మి ఎన్నిసార్లో చూసింది. ఆ క్షణం అతను బద్ధకంతో ఆగుతున్నాడనుకునేది.

పనిముట్ల పెట్టె కావాలని లక్ష్మయ్య అడిగితే ఆమే వ్యానెక్కి తీసింది. పెట్టె అడుగున ఇంజను కంపెనీ వాళ్ళిచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఉంది. ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. తెరిచింది. ఒక పేజీలో రెండు వాక్యాల కింద పెన్సిలు గీతలు, పక్కన తెలుగులో చిన్న అక్షరాలు. 'వేశాక ఖాళీగా ఐదు నిమిషాలు. ఆపేముందు ఖాళీగా ఐదు నిమిషాలు.'

ఆ చేతిరాత తనదే. వ్యాను కొత్తగా వచ్చిన రోజుల్లో ఆదాము ఈ పుస్తకం పట్టుకుని ఈ మెట్ల దగ్గరే నిలబడ్డాడు. ఇంగ్లీషు తనకు రాదని, ఇందులో ఏముందో చదివి చెప్పమని అడిగాడు. ఆమె బియ్యం ఏరుతూ చదివింది, చదివి రాసిచ్చింది. ఆ సంగతే మరిచిపోయింది.

మధ్యాహ్నం త్రినాథరావు ఆఫీసు నుంచి టైపు చేయించిన కాగితం తెచ్చాడు. మధురానగర్‌లోని జనరేటర్ ఆపరేటర్ల సంఘానికి ఫిర్యాదు. ఆదాము అనే ఆపరేటరు ఇంజనులో నూనె లేకుండా నడిపి టర్బోను పాడుచేశాడని, అతని కార్డు రద్దు చెయ్యాలని ఉంది. కార్డు పోతే హైదరాబాదులో ఏ యూనిట్ వాళ్ళూ అతన్ని వ్యాను ఎక్కనివ్వరు. కింద 'వాహన యజమాని' అని రాసి, సంతకానికి జాగా వదిలారు.

నూనె ఉందని లక్ష్మయ్య చెప్పాడని ఆమె అంది.

"ఉంటే? ముహూర్తం దాకా నేనే ఆపానని రాసుకోనా? అచ్యుతరామయ్యగారు నిన్నట్నుంచి ఫోనెత్తడం లేదు. ఎవడో ఒకడి మీద పెట్టకపోతే రేపు మనల్ని పిలిచేవాడుండడు."

"చదివి పెడతాను."

"నిన్ను చదవమన్లేదు. సంతకం పెట్టమన్నాను. సోమవారానికి కావాలి."

ఆదివారం పదకొండు దాటాక, పిన్నిగారిని చూసి వస్తానని చెప్పి రాజ్యలక్ష్మి ఆటో ఎక్కింది. రహమత్ నగర్‌లో ఆటో ఒక చోట ఆగిపోయింది. అక్కణ్నుంచి మెట్లు. ఒకళ్ళ గుమ్మం ముందు నుంచే ఇంకొకళ్ళ గుమ్మానికి దారి. ఆదాము ఇల్లెక్కడని అడిగితే, నల్లా దగ్గర ఉన్న ఆడవాళ్ళు ఆమె చీర చూసి, చెప్పులు చూసి, ఆ తర్వాత చెయ్యి చూపించారు.

వాళ్ళు అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నారు. ఆదాము తెల్ల చొక్కా మోచేతుల దాకా మడిచి, ఎవరిదో టేబుల్ ఫ్యాను విప్పి, గుడ్డ మీద మరలు వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. అతని భార్య ఫిలోమినా తెల్లచీర కొంగు బొడ్లో దోపుకుని ఉల్లిపాయలు తరుగుతోంది. ఆదాము లేచి నిలబడి, కుర్చీ జరిపి, కూర్చోమన్నాడు. ఫిలోమినా తల ఎత్తలేదు.

లక్ష్మయ్య చెప్పినదంతా రాజ్యలక్ష్మి చెప్పింది. అతని తప్పేమీ లేదని తనకు తెలుసంది.

"మాకు తెలియంది చెప్పడానికి ఇంతదూరం వచ్చారా అమ్మగారూ?" అంది ఫిలోమినా.

"ఊరుకో ఫిలోమినా" అన్నాడు ఆదాము.

"ఎందుకూరుకోవాలి? పదకొండేళ్ళు ఊరుకున్నావుగా." కత్తి పక్కన పెట్టి రాజ్యలక్ష్మి వైపు తిరిగింది. "షూటింగు దగ్గర వెయ్యనివ్వరని ఈయన మీ ఇంటి దగ్గరే పొద్దున్నే కాసేపు ఖాళీగా తిప్పి, వేడెక్కాక తీసుకెళ్ళేవాడు. ఏడాది పైన అలాగే నడిపాడు. దాన్ని ఆపించిందెవరు? మీ దండెం మీది బట్టలకు మసి పట్టిందని వాచ్‌మన్ చేత చెప్పించారు. ఇంకోసారి ఇంటి దగ్గర ఇంజను వేస్తే అయ్యగారికి చెబుతానన్నారట. ఆ పుస్తకం చదివి చెప్పిందీ మీరే, వద్దన్నదీ మీరే."

రాజ్యలక్ష్మికి ఆ ఉదయం గుర్తొచ్చింది. మార్చి నెల. గంజి పెట్టిన తెల్లపంచెలు నాలుగు దండెం మీదున్నాయి. నువ్వులు చల్లినట్టు మసి. మళ్ళీ ఉతకాలి. వాచ్‌మన్ని పిలిచి రెండు మాటలంది. రెండు మాటలే. ఆ తర్వాత తెల్లవారుజామున ఇల్లు ఎంతో ప్రశాంతంగా ఉంటోందని పక్కింటావిడతో చెప్పింది కూడా. ముహూర్తం రోజున 'ఇంటి దగ్గరా వెయ్యనివ్వరు' అని ఆదాము అన్నప్పుడు, అది భర్తను అంటున్నాడనుకుంది. పళ్ళెం పట్టుకుని పక్కనే నిలబడి, తనను కాదనుకుంది.

"అవును. నేనే" అంది.

ఫిలోమినా ఉల్లిపాయలు దగ్గరికి లాక్కుంది. మళ్ళీ కత్తి తీసుకుంది.

భర్తతో మాట్లాడి మళ్ళీ పనిలోకి తీసుకునేలా చూస్తానని రాజ్యలక్ష్మి అంది. ఆదాము తల అడ్డంగా ఊపాడు. ఫ్యాను రెక్కల వెనక పేరుకున్న జిడ్డును గుడ్డతో తుడుస్తూ నెమ్మదిగా మాట్లాడాడు.

"పనికి పిలవకండమ్మా, రాను. కాగితం పెడుతున్నారని తెలిసింది. అందులో ఏమైనా రాసుకోమనండి. తాగాడని రాసుకోమనండి, నేను తాగనని అందరికీ తెలుసు. నూనె పొయ్యలేదన్న మాట మాత్రం వద్దు. అది నమ్ముతారు. ఆ వేళ పుల్ల ఎవరూ చూడలేదు గదా."

"నేను చూశాను."

అతను తుడవడం ఆపి ఆమె ముఖంలోకి చూశాడు. చూసి, మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. టీ ఇమ్మని ఆదాము అనలేదు, ఫిలోమినా ఇవ్వలేదు. రాజ్యలక్ష్మి వచ్చిన మెట్ల మీదుగానే కిందికి దిగింది. నల్లా దగ్గరి ఆడవాళ్ళు మాటలాపి దారి ఇచ్చారు.

సోమవారం పొద్దున త్రినాథరావు బయటికి వెళ్ళాక ఆమె టైపు కాగితం బల్లమీద పెట్టుకుని, దాని పక్కన తెల్లకాగితం పెట్టుకుని కూర్చుంది. మూడుసార్లు రాసి చింపింది. నాలుగోసారి రాసినది ఒక పేజీ కూడా రాలేదు. పది గంటలకు మధురానగర్ సంఘం ఆఫీసులో ఉంది. కార్యదర్శి సుబ్బరామయ్య కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం రెండుసార్లు చదివాడు. వ్యాను ఆమె పేరునే ఉందా అని అడిగాడు. ఉందంది. మీవారికి ఈ సంగతి తెలుసా అని అడిగాడు. భోజనాల దగ్గర చెప్తానంది. ఆయన కాగితం మడవలేదు. దానిమీద ఒక బరువు పెట్టి, ఇటువంటిది రాసిస్తే సరిపోదమ్మా అన్నాడు. మీవారు ముహూర్తం దగ్గర యాభైమంది ముందు అన్న మాట ఇప్పటికి అయిదువందల మందికి చేరింది, మీరు కూడా ఆపరేటర్లందరి ముందూ నోటితో చెప్పాలి, రేపు సాయంత్రం నాలుగింటికి అన్నాడు.

ఒంటిగంటన్నరకు త్రినాథరావు వచ్చి కాళ్ళు కడుక్కుని పీటమీద కూర్చున్నాడు. జగదాంబ ఎదురుగా కూర్చుంది. రాజ్యలక్ష్మి దొండకాయ వేపుడు, మామిడికాయ పప్పు వడ్డించింది. వేపుడు మాడిందని జగదాంబ అంది. మాడలేదు. అన్నం కలుపుతూ త్రినాథరావు కాగితం మీద సంతకం పెట్టావా అని అడిగాడు.

"పెట్టాను. ఆ కాగితం మీద కాదు."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలేదాకా ఆమె ఆగింది. తర్వాత, రోజూ ధోబీ పద్దు చెప్పే గొంతుతోనే, ఏం రాసిచ్చిందో చెప్పింది. ఆదాము నూనె చూడడం తను చూసిందని. టర్బో పోయింది అతని వల్ల కాదని. ఇంటి దగ్గర ఇంజను వెయ్యొద్దన్నది తనేనని. ముహూర్తం దాకా తాళం ముట్టుకోవద్దన్నదీ, వేసీ వెయ్యగానే లైట్లు ఇవ్వమన్నదీ, ప్యాకప్ అనగానే ఆపమన్నదీ ఆయనేనని. వర్జ్యం చెప్పింది అత్తగారని.

"నా పేరు కూడా రాశావా?" అంది జగదాంబ.

"రాశాను. నా పేరు ముందు రాశాను."

త్రినాథరావు ఎంగిలి చెయ్యి కంచం అంచున ఆనించి కూర్చున్నాడు. మెడ మీద నరం లేచింది. ఇప్పుడే వెళ్ళి ఆ కాగితం వెనక్కి తెమ్మన్నాడు. తేనంది. ఇంటి పరువు బజార్లో పెట్టావని జగదాంబ అంటే, అది శుక్రవారమే పెట్టాం అత్తయ్యా అంది.

"ఆ బండి నీ పేరున పెట్టింది నేను" అన్నాడు త్రినాథరావు.

"అందుకే నా సంతకం చెల్లుతుంది."

ఆమె చారుగిన్నె తీసుకుని ఆయన పక్కకు వచ్చింది. ఆయన కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. గరిటె నిండా చారుతో ఆమె ఒక్క క్షణం ఆగి, దాన్ని గిన్నెలోకే వంపి, గిన్నె కింద పెట్టింది.

"రేపు నాలుగింటికి ఆపరేటర్లందరి ముందూ చెప్పమన్నారు. ఆదాము ఉంటాడు. నేను వెళ్తున్నాను. మీరూ వస్తే మీ మాట మీరు చెప్పండి. రాకపోతే అది కూడా నేనే చెప్తాను."